పై అంచు చింపిన కాగితం

చదువు వచ్చాక నాకు మొదట పోయింది పొట్లం కట్టే వేగం.

అంతకు ముందు పాతపట్నం సంతలో నా అంత చురుగ్గా ఎండు చేపలు పొట్లం కట్టేవాళ్ళు లేరని పేరు. పాత పేపరు ముక్క ఎడమ అరచేతిలో పడేది, నెత్తళ్ళు దోసెడు అందులో పడేవి, రెండు మడతలు, ఒక మెలిక. కొన్నవాళ్ళు సంచి నోరు తెరిచేలోపే పొట్లం లోపలికి వెళ్ళిపోయేది. ఆ కాగితం మీద ఏముందో నాకు అక్కర్లేదు. చేప మీద పొలుసు ఉన్నట్టే కాగితం మీద ఆ నల్లటివి ఉంటాయనుకునేదాన్ని. అవి మాటలని తెలిసిన దగ్గర్నుంచి నా చేతులు మధ్యలో ఆగిపోవడం మొదలైంది.

చిన్నప్పుడే బడిలో నేర్చుకున్న మీకు ఈ అవస్థ తెలియదు. మీ కళ్ళు అక్షరాల మీద నుంచి జారిపోతాయి. నా కళ్ళు మాత్రం ఎక్కడ పడితే అక్కడ ఇరుక్కుపోయేవి. అగ్గిపెట్టె మీద, సిమెంటు బస్తా మీద, బస్సు వెనకాల. కొనేవాళ్ళు ఎదురుగా నిలబడి చేయి చాపితే, "ఉండమ్మా, ఈ వరస అవగొట్టీసి ఇస్తాను" అనేదాన్ని. వాళ్ళు పక్క బుట్ట దగ్గరికి వెళ్ళిపోయేవాళ్ళు.

మాది నౌపడకి దగ్గర్లో, ఉప్పు మళ్ళు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. మగవాళ్ళు వేటకి వెళ్తారు. పచ్చిగా అమ్ముడుపోని చేపని ఆడవాళ్ళం ఒడ్డున పరిచి ఎండబెడతాం. సంత రోజున బుట్టలు నెత్తిన పెట్టుకుని నౌపడ స్టేషన్లో పాసింజరెక్కి పాతపట్నం వెళ్తాం. అక్కడికి ఒడిశా వైపు నుంచి కూడా కొనేవాళ్ళు వస్తారు. వాళ్ళు ఎండు చేపని సుకువా అంటారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మొన్న మొన్నటి దాకా, మోకాళ్ళు మొరాయించే దాకా, నా బతుకంతా ఆ ఒడ్డుకీ ఆ సంతకీ మధ్యే తిరిగింది.

పెద్దకూతురికి పెళ్ళి చేసి పంపాక అక్షరాలు నేర్చుకున్నాను. ఎచ్చెర్లలో చదువు ముగించుకుని మా పక్క ఊరికి తిరిగొచ్చిన ఒక అమ్మాయి సాయంత్రాలు మా ఊరి తుఫాను షెల్టరులో ఆడవాళ్ళకి చదువు చెప్పేది. పంతులమ్మా అని పిలిచేవాళ్ళం. మా కడుపున పుట్టాల్సిన వయసు ఆమెది.

మొదటి రోజు నేను పలక పట్టుకుని బయల్దేరుతుంటే మా ఆయన వల బాగుచేస్తూ తలెత్తి చూశాడు.

"ఏటే, ఎక్కడికి? కలెక్టరు పరీచ్చకేటి?"

"అవును. పాసైతే నిన్ను బంట్రోతుగా ఎట్టుకుంటాను" అన్నాను.

నా తోటికోడలు కూడా వచ్చింది. నాకంటే పెద్దది, నేను అప్పా అని పిలుస్తాను. ఒడ్డున చేప ఎప్పుడు పరచాలో, ఎప్పుడు తిరగెయ్యాలో ఆమె చెబితేనే జరిగేది. పలక మాత్రం పట్టలేదు. "నా కళ్ళు సేపల్ని సూడ్డానికే సాల్నేదు. మీరు రాయండి, నాను సూస్తాను" అని వెనక గోడకి ఆనుకుని కూర్చునేది. మాలో అక్షరాలు ముందుగా పట్టుబడింది నాకే. ఎందుకంటే నా దగ్గర పుస్తకాలకి కొదవలేదు. బుట్టెడు పాత పేపర్లు ఉండేవి.

పాత పేపర్లతో ఒక చిక్కుంది. పొట్లానికి సరిపడా చింపేసరికి కథ సగంలో తెగిపోతుంది. ఒకసారి సంతలో చదువుతున్నాను. ఏదో ఊళ్ళో బడి వంటగదిలోకి చిరుతపులి దూరింది. వంట చేసే ఆవిడ బయట గొళ్ళెం పెట్టేసింది. అటవీ శాఖ వాళ్ళు వచ్చి తలుపు తీసేసరికి... అక్కడితో కాగితం అయిపోయింది. మిగతా సగంలో అప్పుడే ఒకామెకి కవళ్ళ చేపలు కట్టి ఇచ్చాను. బుట్ట అప్పకి అప్పగించి ఆమె వెనక పరుగెత్తాను.

"అమ్మా, నీ పొట్లం ఒకపాలి ఇయ్యి."

"ఏం, తూకం తక్కువేసినావా?"

"నేదు. పులి ఏటయిందో సూడాల."

ఆమె నన్ను పైనించి కిందకి చూసి, సంచి చంకలో బిగించుకుని, జనంలో కలిసిపోయింది. నేను తిరిగొచ్చేసరికి అప్ప నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. రైల్లో దారి పొడుగునా ఆడవాళ్ళందరూ తలో ముగింపు చెప్పారు. పులి కిటికీలోంచి దూకేసిందని ఒకరు, అన్నం తిని నిద్రపోయిందని ఒకరు. నాకు ఏదీ నచ్చలేదు. ఆ పులి ఏమయిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఇప్పటికీ ఏ పేపరు చూసినా ముందు దాని కోసమే వెతుకుతాను.

ఇలా అందరూ నన్ను చూసి నవ్వుకుంటున్నా, లోపల్లోపల కొంచెం గొప్పగానే చూసేవాళ్ళు. రైలు డబ్బా మీద రాసింది చదివి చెప్పేదాన్ని. మందు సీసా మీద రాసింది చదివేదాన్ని. నా మాట కంటే నేను చదివిన మాటకి విలువెక్కువని నాకు అర్థమైంది. "అది సెప్పింది" అంటే ఒకలా వినేవాళ్ళు, "అది సదివి సెప్పింది" అంటే వేరేగా వినేవాళ్ళు. ఆ రెండో దానికి నేను అలవాటు పడిపోయాను.

ఇప్పుడు ఆ బుధవారం సంగతి.

మాఘమాసం. ఎండ పొద్దున్నే తేటగా కాసింది. వేకువనే పడవలు వెళ్ళిపోయాయి. అంతకు ముందు రోజు నెత్తళ్ళు విరగబడితే, ఒడ్డున అందరం ఎవరి వంతు వాళ్ళు పరిచాం. చూసినంత మేరా వెండి రేకులు పరిచినట్టుంది. అవి ఆ పూట ఎండితే మర్నాడు సంత. నేను నీడలో కూర్చుని సంతకి కావలసిన కాగితాలు చింపుతున్నాను. నా పద్ధతి ఏమిటంటే, పేపరు పై అంచు ముందు బారుగా చింపేసి బుట్ట అడుగున పరిచేదాన్ని. పొట్లానికి ఆ అంచు పనికిరాదు, బుట్టకి చేప నూనె అంటకుండా పనికొస్తుంది. మిగిలిన కాగితాన్ని ముక్కలు చేసేదాన్ని. పేర్చేముందు ప్రతి ముక్కా చదివేదాన్ని.

ఒక ముక్క మీద ఇలా ఉంది. బంగాళాఖాతంలో వాయుగుండం బలపడింది. బుధవారం మధ్యాహ్నానికి శ్రీకాకుళం తీరం వైపు రావచ్చు. వేటకి వెళ్ళినవాళ్ళు వెంటనే ఒడ్డుకి చేరుకోవాలి.

రెండోసారి చదివాను. వేలు పెట్టి మూడోసారి చదివాను. బుధవారం. శ్రీకాకుళం తీరం. మా ఆయన నీళ్ళ మీద ఉన్నాడు. ఊళ్ళో సగం మంది మగవాళ్ళు నీళ్ళ మీద ఉన్నారు. మా ఒడ్డున తుఫాను ఎవరినో ఒకరిని తీసుకెళ్ళని ఇల్లు లేదు. ఆ మాట వింటే మేము ఆలోచించం, లేచి నిలబడతాం.

అప్ప దగ్గరికి పరుగెత్తాను. చేపని కాలితో తిరగేస్తోంది.

"అప్పా, తుఫాను వస్తాదంట. ఈ మద్దేనమే."

ఆమె ఆకాశం వైపు చూసింది. సముద్రం వైపు చూసింది. గాలి కోసం చెంప తిప్పింది.

"మబ్బు తునక నేదు. మాగమాసంలో తుఫానేటే?"

"రాసున్నాది, సూడు. బుదవారం అని ఉన్నాది. పడవలు తిరిగొచ్చీయాలంట."

ఆమె కాగితం చేతిలోకి తీసుకుంది. తలకిందులుగానే పట్టుకుంది. కాసేపు దాన్నీ, కాసేపు నా మొహాన్నీ చూసింది.

"రాసే ఉన్నాదా?"

"రాసే ఉన్నాదప్పా."

"అయితే నా కళ్ళదేముంది" అంది. తల మీద కొంగు బిగించి, ఒడ్డు మొత్తానికి వినబడేలా కేక పెట్టింది.

టీవీలున్న ఇళ్ళు ఒకటో రెండో ఉన్నాయి గాని ఆ రోజు పొద్దున్నే కరెంటు పోయింది. కరెంటు పోవడం కూడా నా మాటకి సాక్ష్యమైపోయింది. "సూసినారా, ముందే తీసీసినారు" అన్నారు. సెల్ ఫోన్లు అప్పటికి మగవాళ్ళ జేబుల్లోకే వచ్చాయి. ఆ జేబులు సముద్రం మీదున్నాయి. వాళ్ళు తిరిగొచ్చాక కూడా, కరెంటు లేక టవరు పోయి, ఆ ఫోన్లు పలకలేదు.

సగం ఎండిన నెత్తళ్ళని గబగబా పోగులు చేసి, బుట్టల్లో గోనెల్లో కుక్కి, షెల్టరు మెట్లెక్కించాం. మీద టార్పాలిన్ పట్టాలు కప్పాం. పొడుగాటి వెదురుకి ఎర్ర చీర కట్టి ఇసుక దిబ్బ మీద ఊపితే, ఒడ్డుకి కనిపించేంత దూరంలో ఉన్న పడవలు వెనక్కి వస్తాయి. అది మా వాడుక. అప్ప ఊపింది, ఆమె చేతులు పడిపోతే నేను ఊపాను. ఒక్కో పడవా తిరిగింది. మా ఆయన పెత్తండ్రి ఒకాయన ఉండేవాడు, మేమంతా మావ అనేవాళ్ళం. ఆయన అప్పుడే వల దించాడట. ఎర్ర చీర చూసి ఇంట్లో ఎవరికో ప్రాణం మీదకి వచ్చిందనుకుని, లాగే తీరిక లేక తాడు కోసేసి వచ్చాడు.

ఒడ్డెక్కుతూ అడిగాడు. "ఎవులికేటైంది?"

"తుఫాను వస్తాది మావా. పేపర్లో పడింది."

ఆయన వెనక్కి తిరిగి సముద్రం చూశాడు. పళ్ళెంలో నీళ్ళలా ఉంది. మాతో పాటు షెల్టరెక్కి కూర్చున్నాడు.

మధ్యాహ్నమైంది. ఎండ ఇంకా తెల్లగా కాసింది. చేప ఎండడానికి అంతకంటే మంచి ఎండ ఆ నెలలో లేదు. మేమంతా గోడల మధ్య ఉక్కపోతలో కూర్చుని, వచ్చేదాని కోసం చూస్తున్నాం. నాకు కాలు నిలవడం లేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి చూసేదాన్ని, వచ్చి కాగితం చదివేదాన్ని, మళ్ళీ కిటికీ. తుఫాను రాకూడదని మొక్కుకుంటున్నాను. రాకపోతే నా గతేమిటని కూడా లోపల తెలుస్తోంది. రెండూ ఒక్కసారే మనసులో ఉంటే మనిషి ఒకచోట కూర్చోలేడు.

"ఏటే, నీ తుఫాను రైల్లో వస్తందా?" అని మా ఆయన అడిగాడు. ఎవరో నవ్వారు. పట్టాల కింద నుంచి వాసన మొదలైంది. నవ్వు ఆగిపోయింది.

సాయంత్రం పాఠం చెప్పడానికి పంతులమ్మ వచ్చింది. షెల్టరు నిండా జనాన్ని చూసి, ఇవాళ చదువుకి ఇంతమంది వచ్చారా అని పాపం ఆమె మొహం వెలిగింది. నేను కాగితం ఇచ్చాను. చదివింది. తిప్పి వెనకవైపు చూసింది. వెనక దీపావళి టపాసుల ప్రకటన ఉంది.

"పై ముక్క ఏదమ్మా?" అని మెల్లగా అడిగింది.

"ఏ పై ముక్క?"

"పేపరు పై అంచు. తారీకు ఉండేది."

బుట్టలో చేప పక్కకి తోసి, అడుగున ఆ చింపుకి అతికే అంచు వెతికి తీశాను. నూనె పట్టి పారదర్శకంగా అయిపోయింది. ఆమె దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుంది.

"ఇది పోయిన దీపావళి నాటిదమ్మా. అది ఇటు రాలేదు కూడా. అటు ఒడిశా వైపు పోయింది."

అప్పే ముందు నోరు విప్పింది.

"అంటే పోయినేడాది తుఫానుకి ఈయేళ దాక్కున్నాం."

మీకు నవ్వు వస్తుంది. నాకూ ఇప్పుడు వస్తుంది. కాగితం పాతదని ఆ మాత్రం తెలియదా అంటారు. పాత కాగితమని తెలుసు. పాత కాగితం మీద మాట కూడా పాతదైపోతుందని తెలియదు. మా ఊళ్ళో కబురు మనిషితో పాటు నడిచి వస్తుంది. ఎప్పుడు చూశావు, ఎవరు చెప్పారు అని అడగొచ్చు. చెప్పేవాళ్ళ ఒగర్పు చూస్తేనే అది ఎంత తాజా కబురో తెలిసిపోతుంది. కాగితానికి ఒగర్పు లేదు. నిన్న రాసిందీ ఎప్పుడో రాసిందీ ఒకే గొంతుతో చెబుతుంది. అక్షరాలు నేర్చుకున్నప్పుడు కాగితాన్ని ఎదురు ప్రశ్న వెయ్యాలని నాకు తోచలేదు. రాసినవాళ్ళు నాకంటే తెలిసినవాళ్ళు కదా అనుకున్నాను.

పంతులమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అక్షరాలు నేర్పాను గాని ఇది నేర్పలేదని. ఆమెని ఎవరూ ఏమీ అనలేదు. నన్నూ ఎవరూ తిట్టలేదు. తిడితే తిరిగి ఒక మాట అనేదాన్ని, దులిపేసుకునేదాన్ని.

మర్నాడు పట్టాలు తీస్తే నెత్తళ్ళు మెత్తబడి, రంగు మారి ఉన్నాయి. మనుషులు తినేందుకు పనికిరాకుండా పోయాయి, కోళ్ళ మేతకి తోలేశాం. ఆ వారం సంతకి మా ఊరి నుంచి బుట్ట వెళ్ళలేదు. మావ వల కోసం మగవాళ్ళు తిరిగారు. చిరిగి ముక్కలుగా కొంత దొరికింది. ఆయన మా గడప ముందు నుంచే రోజూ వెళ్ళేవాడు. "తిన్నావా అమ్మీ" అని ఎప్పటిలాగే అడిగేవాడు. ఆ మాట వినబడగానే నేను లోపలి గదిలోకి వెళ్ళిపోయేదాన్ని.

ఆ తరవాత సాయంత్రాలు షెల్టరుకి ఎవరూ వెళ్ళలేదు. పంతులమ్మ వచ్చేది, తాళం తీసేది, దీపం పెట్టుకుని కూర్చుని వెళ్ళిపోయేది. అదే నన్ను కాల్చేసింది. నేనొక్కదాన్ని తప్పు చదివితే ఊళ్ళో ఆడవాళ్ళందరి చదువూ ఆగిపోయింది. నా తరవాత చేరిన గుంటలు, చిన్న ఆడపిల్లలు కూడా పలకలు అటకెక్కించేశారు. చదివితే ఇదిగో ఇలా అవుతుందని చూపించడానికి ఊరికి నేనొకదాన్ని దొరికాను.

నేనూ చదవడం మానేద్దామనుకున్నాను. సంతలో పొట్లాలకి కాగితం మాని విస్తరాకులు తెచ్చాను. చేతులకి మళ్ళీ వేగం వచ్చింది. కళ్ళు మాత్రం ఊరుకోలేదు. స్టేషన్లో, సంతలో, ఎక్కడ అక్షరం కనిపిస్తే అక్కడ తలకాయ దానంతటది తిరిగేది. తిరిగిందని తెలిసి మెడ గట్టిగా పట్టుకుని నేల వైపు చూసేదాన్ని. నేల మీద కూడా చిల్లర కాగితాలుంటాయి. ఇంకెటు చూడను?

ఒక మధ్యాహ్నం అప్ప ఉప్పు కోసం వెళ్ళి నౌపడ మీదుగా తిరిగొచ్చింది. చెంగులోంచి మడత పెట్టిన కాగితం తీసి నా ఒళ్ళో పడేసింది. స్టేషన్ గోడకి అంటించినది గాలికి ఊడి పడిందట. దాని చుట్టూ అంతసేపూ జనం గుమిగూడి ఉన్నారట.

"సదువు" అంది.

"నాను సదవనప్పా."

"సదవమన్నాను గాని నమ్ముతానన్నానేటి? ముందు అది బతికున్నాదో సచ్చిపోయిందో సూడు. తరవాత సదువు."

విప్పాను. పాతపట్నం వైపు వెళ్ళే పాసింజరు పట్టాల మరమ్మతుల కోసం కొన్ని రోజులు నడవదని ఉంది. మర్నాడే మా సంత. తారీకు కోసం పైన చూశాను, కింద చూశాను. కింది మూల చిరిగి గోడకే ఉండిపోయింది. కాగితం కొత్తదిలాగే ఉంది. కొత్తదిలా ఉన్నంత మాత్రాన ఏమిటి? అవునంటే ఒక తప్పు, కాదంటే ఇంకో తప్పు.

"తెల్దప్పా" అన్నాను.

"తెల్దా?"

"తారీకున్న ముక్క చిరిగిపోనాది. ఇది రేపటికో, పోయిన నెలకో సెప్పలేను. ఎల్లి అడగాల."

అప్ప కాగితం నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ మడత పెట్టింది. నేను తల దించుకున్నాను.

"ఆరోజు ఈ మాట సెప్పుంటే సాలును గదే" అంది. గొంతులో కోపం లేదు. చీర దులుపుకుని లేచింది. "పద. అడుగుదాం."

ఎండలో ఉప్పు మళ్ళ గట్టు మీద ఇద్దరం నడిచాం. స్టేషన్లో టికెట్లిచ్చే బాబుని అడిగాను. అడిగిందే మళ్ళీ అడిగాను, ఏ రోజు నుంచి, ఏ రోజు దాకా అని. ఆయన విసుక్కుంటూ చెప్పాడు. రేపటి నుంచే లేదు. తిరిగొచ్చాక అప్ప ఒడ్డున నిలబడి ఊరికి చెప్పింది.

"రేపు రైలు నేదు. కాగితం బతికే ఉన్నాది. అడిగొచ్చినాం, నా సెవుల్తో ఇన్నాను. బుట్టలు బేగి సర్దండి, ఆటో మాటాడుకోవాల."

ఆ సాయంత్రం అప్ప నా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో పలక ఉంది. ఎవరిదో అటక మీద నుంచి దింపింది, ఇంకా దుమ్ము కూడా దులపలేదు.

"రా. ఆ గుంట ఒక్కర్తీ కూకున్నాది" అంది.

షెల్టరులో వెనక గోడ దగ్గరికి పోకుండా ముందు వరసలో చతికిలబడి, పంతులమ్మతో చెప్పింది. "నాకు ముందు తారీకు నేర్పు. మిగతావన్నీ తరవాత." తరవాతి రోజుల్లో ఒకరొకరే వచ్చారు. మా పాఠం అప్పటి నుంచి అలాగే మొదలయ్యేది. ఏ కాగితం చేతికొచ్చినా ముందు తారీకు వెతకాలి, పైకి చదవాలి. దొరక్కపోతే "తెల్దు" అని గట్టిగా అనాలి. ఆ మాట అనడానికి అక్షరాలు నేర్చుకున్నంత కష్టపడ్డారు అందరూ.

మావకి వల అందరం కలిసి అల్లి ఇచ్చాం. నా వంతు నేను అల్లుతుంటే ఆయన పక్కన కూర్చుని అడిగాడు. "అమ్మీ, ఆ పులి సంగతి ఏటైనా తెలిసిందా?" లోపలి గదిలోకి వెళ్ళిపోవడం ఆ రోజుతో మానేశాను.

ఇప్పుడు మా ఊళ్ళో పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి. గాలి కొంచెం తిరిగితే చాలు, ఎక్కడిదో ఎప్పటిదో తుఫాను బొమ్మ చూపిస్తూ పరుగెత్తుకొస్తారు. ముసలమ్మలు అరుగుల మీద నుంచే అడుగుతారు, "బతికున్నాదేటి అది?" అని. పిల్లలు తెల్లమొహం వేస్తారు. అందుకే ఇది మీకు రాద్దామనిపించింది.

రాయడం అయ్యాక అప్పకి చదివి వినిపించాను. ఆమెకి ఇప్పుడు చూపు బాగా తగ్గింది. కళ్ళు మూసుకుని చివరి దాకా విన్నది.

"మావ వల సంగతి రాసినావా?"

"రాసినాను. ఇప్పుడేగా సదివినాను."

"మరి తారీకు ఏసినావా?"

"ఎందుకప్పా, ఎప్పటి మాటో గదా?"

"ఎయ్యి. నేకపోతే ఎవులో గుంటలు సదివి, ఈయేళే మన నెత్తళ్ళు పోనాయనుకుని బెంగెట్టుకుంటారు."

వేశాను. పై అంచున ఉంది. చింపకండి.